నాలుగో గోతిలో పెట్టె

ఆ మంగళవారం ఐదో పీరియడ్ సగంలో అటెండర్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మాస్టారు అప్పటికి ఎనిమిదో తరగతి పిల్లల మధ్య గాజు తొట్టి పెట్టుకుని కూర్చున్నారు. తొట్టి నీళ్ళలో మూడు చెక్క దిమ్మలు తేలుతున్నాయి. ఒకటి వేలెడు మందం, ఒకటి బెత్తెడు, ఒకటి జానెడు. ఒరిగిపోకుండా సన్నటి చట్రంలో పక్కపక్కన నిలబెట్టిన ఆ దిమ్మల్ని ఆయనే స్వయంగా చిత్రిక పట్టి ఇరవై రెండేళ్ళయింది. హెడ్మాస్టరు గారి గదికి మాస్టారి కోసం ఫోనొచ్చిందని, వెంటనే రమ్మంటున్నారని అటెండర్ చెప్పాడు. నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.

"నీళ్ళు నిలవనీ, వస్తాను" అన్నారు మాస్టారు.

నీళ్ళు నిలిచాయి. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి గాజులోంచి అడుగువైపు చూడమన్నారు. పైకి ఏది ఎత్తుగా నిలిచిందో అదే కిందికి లోతుగా దిగి ఉంది. కొండలూ ఇంతేనని చెప్పారు. నేల పైపొర కింద అంతకంటే బరువైన రాయి ఉంది. చేత్తో తడితే గట్టిదే, కానీ లక్షల ఏళ్ళ లెక్కన చూస్తే ముదురు పాకంలా మెల్లగా కదులుతుంది. కొండ దానిమీద తేలుతోంది. పైన ఒక పాలు కనిపిస్తే కింద ఐదారు పాళ్ళు వేరులా దిగి ఉంటుంది. ఆ వేరే లేకపోతే అంత ఎత్తు నిలవదు, కుంగిపోతుంది. "పైన కనిపించేది కొసరు. అసలంతా కింద ఉంది" అన్నారు. ఏటా అనే మాటే.

ఏడు నిమిషాలు పట్టింది. చేతులు తుడుచుకుని వెళ్ళారు. ఆ ఏడు నిమిషాలూ తన కూతురు బతికి ఉన్న లోకంలోనే పాఠం చెప్పానని ఆయన చాలా రోజులు అనుకున్నారు. అదీ నిజం కాదు. కొండచరియ జారి ఆమె మీద పడింది పదకొండుకు ముందే. జీపు డ్రైవరు ఫోను పలికే చోటికి దిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆమె వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంట్లో కందిరీగ అనేవారు. చిన్నప్పుడు ఒక ప్రశ్న పట్టుకుందంటే జవాబు దొరికేదాకా చెవి చుట్టూ తిరుగుతూనే ఉండేది. చదువంతా అయ్యాక కొండల అడుగు ఎంత లోతుందో కొలిచే ఆఫీసులో చేరింది. ఆ ఆఫీసు వాళ్ళు కొండల వరసకు అడ్డంగా మ్యాపు మీద ఒక గీత గీసి, ఆ గీత పొడవునా తొమ్మిది చోట్ల గోతులు తవ్వి, ఒక్కో గోతిలో భూమి వణుకును పట్టే పెట్టె ఒకటి దించారు. పెట్టెలన్నీ ఒకే దిక్కుకు, సరిగ్గా ఉత్తరానికి, తిరిగి ఉండాలి. మూత మీద బాణం గుర్తు ఉంటుంది.

ఆ పెట్టెలు ఏం చేస్తాయో ఆమె ఒకసారి అన్నం తింటూ చెప్పింది. ఎక్కడో సముద్రాల అవతల భూకంపం వస్తే దాని అల భూమి లోపలినుంచి ప్రయాణం చేసి కొండ కిందికి చేరుతుంది. కొండ వేరు అడుగున తగలగానే అందులో కొంత భాగం నడక మార్చుకుంటుంది. నడక మారింది వెనకబడుతుంది, మారనిది ముందు వస్తుంది. ఎంత వెనకబడిందో చూస్తే వేరు ఎంత లోతో తెలుస్తుంది. మాస్టారు తినడం ఆపేసి విన్నారు. తల్లి మాత్రం మజ్జిగ పోస్తూ, "కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గానీ, కొండను ముట్టుకోకుండా దాని కాళ్ళు కొలవడం మీ తండ్రీకూతుళ్ళ దగ్గరే చూస్తున్నా" అంది.

"కాళ్ళు కాదమ్మా, వేరు."

"ఉంటే పీకి చూపించు."

ఇప్పుడా ఇంట్లో పెరుగు ముగ్గురికి సరిపడా తోడుపెట్టి, మిగిలింది పొద్దున్నే పారబోస్తున్నారు. కొలత మార్చుకోవడం ఆవిడకు చేత కాలేదు. మార్చుకోమని ఆయన అనలేదు.

ఆవిడ ఏడవడం మూడో వారానికే ఆగిపోయింది. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. డ్రైవరు వచ్చి కూర్చుని చెప్పిన దాంట్లోంచి పుట్టిన ప్రశ్న అది. తొమ్మిది రోజులు వరసగా ముసురు పట్టి ఆ పొద్దున్నే ఎండ వచ్చిందట. పది గంటలకు జీపు దారి చివర ఆగింది. అక్కడినుంచి నాలుగో గొయ్యి రెండు గంటల నడక. మీద నుంచి చిన్న చిన్న రాళ్ళు దొర్లుతున్నాయి. తడిసిన కొండ కదా, ఒక గంట ఆగి చూద్దాం అమ్మా అన్నాడు డ్రైవరు. ఆమె వాచీ చూసుకుంది. "లేదన్నా, నేను పన్నెండుకి అక్కడ ఉండాలి" అంది. సంచి భుజాన వేసుకుని వెళ్ళింది.

"గంట ఆగితే ఏం పోయేదండీ?" అని ఆవిడ అడిగేది. బట్టలు మడత పెడుతూ అడిగేది, పాలు పొంగకుండా చూస్తూ అడిగేది. "పన్నెండుకి అక్కడ ఏముంది? పెళ్ళివారొస్తున్నారా? బ్యాటరీ మార్చడానికి పన్నెండైతేనేం, రెండైతేనేం?"

బ్యాటరీ మార్చడానికని చెప్పే ఆమె ఇంట్లోంచి బయలుదేరింది.

జవాబు ఆవిడే వెతుక్కుంది. ఆఫీసు పెద్దాయన గడువు పెట్టి ఉంటాడు. ఆయనకు లోతులాయన అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఇంటికి వచ్చినప్పుడల్లా అరవై కిలోమీటర్లు, డెబ్భై కిలోమీటర్లు అంటూ లోతుల మాట తప్ప మరో మాట ఆడేవాడు కాదు. అప్పట్లో నవ్వుతూ పెట్టిన పేరు. ఇప్పుడు ఆ పేరే పళ్ళ బిగువున పలుకుతోంది. పరామర్శకు వచ్చిన రోజు తలుపు సగం తీసి, "నా కూతుర్ని ఏ లోతుకు పంపావో చూసుకున్నావా బాబూ?" అని అడిగి, మళ్ళీ మూసేసింది. ఆయన మెట్ల మీద కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. లోపలి గదిలో ఉన్న మాస్టారికి అంతా వినబడింది. లేచి రాలేదు.

లేచి రాకపోవడానికి కారణం ఉంది. కూతురి సంచి అప్పటికే ఇల్లు చేరింది. సంచిలో కొత్త బ్యాటరీ లేదు. మూడడుగుల నున్నటి కర్ర ఒకటి, దారం ఉండ, సుద్దముక్కలు, ఇత్తడి గుండు ఉన్నాయి. గుండు బడిది. పూర్వం సర్వేయర్లు కొండ పక్కన ఇలాంటి గుండు వేలాడదీస్తే కొండ దాన్ని తన వైపు లాగిందని, కానీ ఆ కొండ బరువుకు లాగాల్సినంత లాగలేదని, దాంతో కొండ కింద తేలికైన వేరేదో దిగి ఉందని మనుషులకు మొదటిసారి అనుమానం వచ్చిందని మాస్టారు ఏటా ఆ గుండు చూపించి చెప్పేవారు. అందుకే కొన్నది. కూతురు అడిగి తీసుకెళ్ళింది. ఎందుకని ఆయన అడగలేదు.

కర్రను నిట్టనిలువుగా పాతడానికి గుండు. నీడ కొసను గుర్తు పెట్టడానికి సుద్ద. మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గీసే గీత సరిగ్గా ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది. దిక్సూచి అక్కర్లేదు. బడి ఆవరణలో ఆరో తరగతి పిల్లల చేత ఆయన చేయించే పని అది. కందిరీగ ఆ బడిలోనే చదివింది.

సంచి బోర్లించిన రోజే ఆయనకు సంగతి అర్థమైంది. నాలుగో గోతిలోని పెట్టె ఉత్తరానికి లేదని ఆమెకు అనుమానం వచ్చింది. వచ్చిందంటే, ఆ పెట్టె దించిన రోజు ఏం తప్పు జరిగిందో ఆయన వెతుక్కోనక్కర్లేదు.

ఆ రోజు ఆయన కూడా అక్కడే ఉన్నారు. బడికి సెలవులు. గోతులు తవ్వే ఇద్దరికీ జ్వరమని కందిరీగ తల పట్టుకుంటే, నేను రానా అన్నారు. ఆఫీసు గునపం మొద్దుబారిందని కూతురు అంటుంటే తల్లి పెరట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబెట్టిన గునపం తెచ్చి చేతికిచ్చింది. "ఇది తీసుకెళ్ళండి. మా నాన్న కొట్టించింది. రాయిని కూడా వెన్నలా తవ్వుతుంది" అంది. గడప దిగాక మళ్ళీ పిలిచి, "ఎక్కడైనా మరిచిపోయి వచ్చారో, ఇద్దరికీ అన్నం లేదు" అంది.

నడుము లోతు తవ్వేసరికి మధ్యాహ్నమైంది. అడుగున బల్లపరుపు రాయి పరిచారు. రాయి మీద ఉత్తరం గీత గీసి, ఆ గీత మీద పెట్టె బాణాన్ని కలపాలి. ఆమె గోతి అంచున బోర్లా పడుకుని చెక్కపలక మీద దిక్సూచి పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే జల్లు మొదలైంది. "తడిస్తే గీత చెరిగిపోతుంది తల్లీ, ఉండు" అన్నారు మాస్టారు. గునపాన్ని గోతి అంచున నిలువుగా దిగ్గొట్టి ప్లాస్టిక్ పట్టా మూల దానికి కట్టారు. మిగతా మూలలు చెట్టు కొమ్మలకు కట్టి కూతురి తల మీద చిన్న పందిరి వేశారు. ఆ పందిరి కింద ఆమె తీరిగ్గా, చక్కగా గీత గీసింది. దిక్సూచికీ గునపానికీ మధ్య జానెడున్నర దూరం.

దిగి వచ్చేటప్పుడు కందిరీగ, "నాన్నా, నువ్వు రిటైరయ్యాక మా ఆఫీసులో గోతులు తవ్వే ఉద్యోగం ఇప్పిస్తా. జీతం మాత్రం అడక్కూడదు" అంది. "పందిరి వేసినందుకు విడిగా ఇవ్వాలి మరి" అన్నారాయన. ఇద్దరూ తడిసి ముద్దయి ఇంటికొచ్చారు. గునపం మరిచిపోలేదు.

ఇరవై ఆరేళ్ళుగా దిక్సూచి పాఠం మొదలుపెట్టే ముందు ఆయన ఒకటే మాట అంటారు: జామెట్రీ బాక్సులన్నీ తీసి దూరంగా గోడవార పెట్టండి, పక్కన ఇనుము ఉంటే దిక్సూచి అబద్ధం చెబుతుంది, చెబుతున్నానని దానికే తెలియదు. ఆ మాటకు పిల్లలు ఏటా నవ్వుతారు. ఈ ఏడు ఆ పాఠం వచ్చింది. దిక్సూచులు పంచి, పుస్తకం తెరిచి నిలబడ్డారు. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

"మాస్టారూ, బాక్సులు దూరంగా పెట్టమన్లేదు మీరు. మా అక్క చెప్పింది, ముందు అదంటారని."

"పెట్టండి" అన్నారు. ఆ పీరియడంతా బోర్డు వైపు తిరిగి రాస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రమే లోతులాయన బడికి వచ్చాడు. ఇంటికి రావడానికి ఆయనకు మొహం చెల్లదు. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేరు. బల్ల మీద దిద్దాల్సిన పేపర్ల కట్ట పక్కకు జరిపి ఒక నోట్‌బుక్ పెట్టాడు. ఆఫీసులో ఆమె సొరుగులో దొరికిందట. చివర రాసిన పేజీ తెరిచి మాస్టారి వైపు తిప్పాడు. కందిరీగ రాత చిన్నప్పుడు ఆయన దిద్దించిందే. కొమ్ములన్నీ గుండ్రంగా ఉంటాయి.

"నాలుగో పెట్టె. అల రావాల్సిన దిక్కునుంచి కాక పదకొండు డిగ్రీలు పక్కకు వస్తోంది. వేరు వాలి ఉందా? పెట్టె తిరిగి ఉందా? ఆ రోజు వర్షం. గునపం?? అక్కడి రాళ్ళలోనూ ఇనుము ఉండొచ్చు, దిక్సూచి వద్దు. నీడతో కొలవాలి. లోయలో ఎండ పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకానే. నాన్నకు చెప్పకూడదు."

మాస్టారు రెండుసార్లు చదివారు. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి ఆ చివరి రెండు మాటల కోసం.

లోతులాయన నేల చూపులు చూస్తూ మెల్లగా చెప్పుకొచ్చాడు. నాలుగో పెట్టె ఉన్నది కొండలన్నిట్లోకీ ఎత్తైన చోటు. వేరు అక్కడ నిటారుగా దిగి ఉంటే ఒక కథ, ఒక పక్కకు వాలి ఉంటే పూర్తిగా వేరే కథ. ఆ కొండల్ని ఏది ఏ వైపునుంచి నెట్టుకొచ్చిందో దాన్నిబట్టే తేలాలి. అమ్మాయి రెండేళ్ళ పని అంతా ఆ ఒక్క పెట్టె మీద ఆగింది. ఆ దారి ఇప్పుడు లేదు. ఎవర్నీ పంపే ధైర్యం తనకు లేదు, ఉన్నా వెళ్ళేవాళ్ళు లేరు. తప్పు పెట్టెదా, వాలు కొండదా అన్నది ఇక ఒక్క మనిషే చెప్పగలడు.

"గుర్తులేదంటే గుర్తులేదని రాసుకుంటాను మాస్టారూ. మిమ్మల్ని బలవంతపెట్టడానికి రాలేదు."

గుర్తులేదనడం ఎంత తేలికో మాస్టారికి ఆ క్షణంలో తెలిసింది. అంటే ఎవరూ కాదనరు. కాకపోతే కూతురు ఆ కాగితం మీద గునపం పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టి వెళ్ళింది. పిల్లలు ప్రశ్న అడిగితే తెలిసి కూడా తెలియదని చెప్పడం ఆయన ఎన్నడూ చేయలేదు.

"గునపం అక్కడే ఉంది" అన్నారు. "గోతి అంచున. నేనే పాతాను. దిక్సూచికి జానెడున్నర."

లోతులాయన రాసుకోలేదు. కలం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో తెలుసా అని అడిగాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. లోతులాయన లేచి నిలబడ్డాడు.

"చెప్పకండి. ఆవిడ నన్నే తిట్టుకోనివ్వండి. నాకు అలవాటైపోయింది."

వద్దు, అది న్యాయం కాదు అనాల్సింది. మాస్టారి నోట ఆ మాట రాలేదు. లోతులాయన గుమ్మం దాకా వెళ్ళి ఆగి ఒక మాట అడిగాడు. అదే మాస్టారి మీద ఇంకో బరువు పెట్టింది. గునపం ఉన్న మాట సరే, పదకొండు డిగ్రీలూ గునపానివేనా, అందులో కొండది కూడా కొంత ఉందా? జానెడున్నర దూరాన ఆ గునపం ముల్లును ఎంత తిప్పుతుందో ఇంటి దగ్గర చూసి చెప్పగలరా? ఇది ఆఫీసు మాటగా అడగడం లేదని, అమ్మాయి పని అమ్మాయి లెక్క ప్రకారమే ముగియాలని అడుగుతున్నానని అన్నాడు.

మర్నాడు సాయంత్రం మాస్టారు బడిలోంచి దిక్సూచి జేబులో వేసుకుని ఇంటికి వచ్చారు. భార్య పెరట్లో ఉంది. బట్టలారేసే తీగ గుంజ ఒకటి పుచ్చి ఒరిగిపోయిందని, కొత్తది పాతాలని నాలుగు రోజులనుంచి చెబుతోంది. గొయ్యి తవ్విపెట్టమంది. గునపం తెచ్చి ఇచ్చింది.

గునపం అందుకుని మాస్టారు తిప్పి చూశారు. దానికి పాత చీర పీలిక చుట్టి ఉంది. పీలిక విప్పితే ఇనుము నూనెతో నిగనిగలాడుతోంది. ముప్పై ఏళ్ళుగా తలుపు వెనక తుప్పు పట్టి పడున్న గునపం.

"నేనే తుడుస్తున్నా, వారానికోసారి" అంది ఆవిడ, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు. "తుప్పు పట్టకుండా. మీరిద్దరూ కలిసి చేసిన పని ఇదొక్కటేగా. తడిసి నవ్వుకుంటూ వచ్చారు ఆ రోజు. అది దీన్ని భుజాన వేసుకుని గేటు తీసింది. నాకు అదే కళ్ళలో ఉంది. ఇంకేం లేదండీ నాకు, ఆ ఒక్కరోజే ఉంది."

అని లోపలికి వెళ్ళింది, నీళ్ళు తేవడానికి.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పీట తిరగేసి దానిమీద దిక్సూచి పెట్టారు. ముల్లు ఊగి ఊగి నిలిచింది. సుద్దతో గీత గీశారు. గునపం తీసి సరిగ్గా ఆనాడు పాతిన వైపునే, జానెడున్నర కొలిచి, నేలలో దిగ్గొట్టారు. ముల్లు కదిలింది. పరుగెత్తలేదు, మెల్లగా, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు తిరిగి ఆగింది. రెండో గీత గీసి కోణమానినితో కొలిచారు. ఏడు డిగ్రీలు. గునపం పీకి మళ్ళీ పాతి కొలిచారు. ఏడు. మూడోసారీ ఏడే.

భార్య చెంబుతో వచ్చి వెనక నిలబడడం ఆయన చూడలేదు.

"ఏం కొలుస్తున్నారు?"

మాస్టారు గీతల మీద అరచెయ్యి పెట్టారు. ఆవిడ చూపు పీట మీదా, దిక్సూచి మీదా, గునపం మీదా వరసగా తిరిగింది. పదో తరగతి చదివిన మనిషి, ముప్పై ఏళ్ళు మాస్టారితో కాపురం చేసిన మనిషి. ఇంకొక్క మాట చాలు, ఆవిడ అన్నీ కలుపుకోగలదు. గునపం, వాన, పందిరి, ఎండ, పన్నెండు గంటలు. చివరికి, మా నాన్న కొట్టించింది తీసుకెళ్ళండి అని తన చేత్తో తాను ఇచ్చిన సంగతి కూడా.

ఆయన చాలాసార్లు ఈ మాటను మనసులో తిప్పి చూసుకున్నారు. తప్పు తనదని చెప్పడానికి ఆయనకు భయం లేదు. ఆవిడ తనతో మాట్లాడడం మానేస్తే భరించగలరు. కానీ ఆ మాట తన దగ్గర ఆగదు. తనను దాటుకుని ఆవిడ చేతి దాకా వెళుతుంది. ఆ ఒక్కరోజును కూడా తీసేసుకుంటుంది.

"పిల్లలకు పాఠం" అన్నారు. "రేపటికి సరిచూసుకుంటున్నాను."

"ఇంట్లో కూడా పాఠాలేనా" అంది ఆవిడ. చెంబు కింద పెట్టింది. కూతురు పోయాక ఆవిడ మొదటిసారి కొంచెం నవ్వినట్టు ఆయనకు అనిపించింది. ఆ నవ్వు చూసి ఆయనకు ఇంకా కష్టమైంది.

గొయ్యి తవ్వారు. ఆవిడ గుంజ పట్టుకుని నిలబడింది. మట్టి కూరుతుంటే, ఎప్పటిలాగే, ఎవరిని అడుగుతున్నట్టూ కాకుండా అంది: "గంట ఆగితే ఏం పోయేదండీ? ఆ లోతులాయన ఫోను చేసి తొందరపెట్టి ఉంటాడు. లేకపోతే అది ఆగేదే. మీ మాట, నా మాట వినకపోయినా, వర్షం మాట వినేది."

మాస్టారు మట్టి కూరుతూనే ఉన్నారు. కాదని అనలేదు.

మర్నాడు హెడ్మాస్టరు గారి గదిలోంచి లోతులాయనకు ఫోను చేసి, ఏడు అని చెప్పారు. మరి మిగతా నాలుగు, అని అవతలినుంచి వినబడింది. ఆ నాలుగూ కొండ వేరు వాలు కావచ్చు, అక్కడి రాళ్ళలో ఇనుము కావచ్చు, ఇంటి పెరట్లో కొలతకూ ఆ గోతి దగ్గరి కొలతకూ ఉండే తేడా కావచ్చు. ఏదో తేల్చాలంటే ఒకే దారి. ఎవరో ఒకరు ఆ గోతి దగ్గర కర్ర పాతి, మధ్యాహ్నం ఎండలో దాని నీడ కొలవాలి. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు. వానలు తగ్గి, దారి వేస్తే చూద్దాం అన్నాడు లోతులాయన. దారి ఎప్పుడు వేస్తారో తెలియదు అని కూడా అన్నాడు.

ఆ రోజు ఎనిమిదో తరగతికి, ఆ మంగళవారం ఆగిపోయిన దిమ్మల పాఠం రెండో భాగం చెప్పాలి. కొండ పైభాగం వానకూ గాలికీ అరిగిపోతే ఏమవుతుందన్నది. మాస్టారు తొట్టిలో దిమ్మలు వేసి, జానెడు దిమ్మ మీద పెట్టిన చిన్న చెక్కను తీసేశారు. దిమ్మ కొంచెం పైకి లేచింది. పైన బరువు పోతే కింద వేరు మెల్లగా పైకి వస్తుందని, అందుకే కొండ ఎంత అరిగినా ఒక్కసారిగా చదును కాదని, ఆ లేవడానికి లక్షల ఏళ్ళు పడుతుందని చెప్పారు.

"అప్పటిదాకా ఏం జరుగుతుంది మాస్టారూ?" అని అడిగింది ముందు బెంచీ పిల్ల.

"అలాగే ఉంటుంది" అన్నారు.

తొమ్మిది పెట్టెల్లో ఎనిమిదింటి లెక్క పూర్తయింది. ఆఫీసు వాళ్ళు గీసిన బొమ్మలో ఎత్తైన కొండ కింద వేలెడు జాగా తెల్లగా వదిలేశారు. నాలుగో పెట్టె ఆ గోతిలోనే ఉంది. బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. దాని బాణం ఎటు చూస్తోందో ఎవరూ కొలవలేదు. లోతులాయన ఆ ఇంటి గుమ్మం మళ్ళీ ఎక్కలేదు. మాస్టారు భార్యకు ఇంకా చెప్పలేదు.